ఎండలో పుస్తకాలు

రండి రండి, ఆ పీట లాక్కుని ఇలా మంట దగ్గరికి జరగండి. టెక్కలిలో చలేమిటని మీరు నవ్వొచ్చు గానీ, ధనుర్మాసం తెల్లవారుజామున ఇక్కడ దుప్పటి వదలబుద్ధి కాదు. మంటకైతే మా ఇంట్లో కరువు లేదు. మా ఆవిడ పుట్టిల్లు ఉద్దానం. అక్కణ్ణించి కొబ్బరికాయలొచ్చినా రాకపోయినా ఎండు మట్టలు మాత్రం వస్తాయి. టీ పొయ్యి మీదుంది. ఈలోగా మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. మీ ఊరి బళ్లో లైబ్రరీ ఉందా?

ఉందనే అంటారు. నిజంగానే ఉంటుంది, రికార్డుల్లో లైబ్రరీ లేని హైస్కూలు నేనైతే చూడలేదు. సరే, రెండో ప్రశ్న. దాని తాళంచెవి ఎవరి దగ్గరుంది?

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. నా సర్వీసంతా ఈ చుట్టుపక్కల బళ్లలో సోషల్ చెప్పుకుంటూ గడిచిపోయింది. అందులో చివరి పన్నెండేళ్లు ఆ తాళంచెవి నా జేబులోనే ఉండేది. కాబట్టి ఆ తాళంచెవి కథ చెప్పే హక్కు నాకుందనుకోండి. బడి పేరు చెప్పను. టెక్కలికి దగ్గర్లోనే ఒక హైస్కూలు, అంతవరకు చాలు.

లైబ్రరీ ఇన్‌ఛార్జి అనేది ఎవరూ కోరుకునే పని కాదు. మీటింగులో హెడ్మాస్టరు గారు ఆ మాటెత్తగానే అందరూ కిటికీలోంచి బయటికి చూస్తారు. నేను చూడ్డం ఆలస్యమైంది. పాత ఇన్‌ఛార్జి మాస్టారు రెండ్రోజులు కూర్చుని నా చేత పుస్తకాలు లెక్కపెట్టించి, స్టాకు రిజిస్టరులో సంతకం పెట్టించుకుని, తాళంచెవి చేతిలో పెడుతూ ఒక మాట చెప్పారు. "ఒక్కటి తగ్గినా మీ జీతంలోంచే పట్టుకుంటారు, జాగర్త." ఆయన తన హయాంలో ఒక్క పుస్తకం కూడా పోగొట్టలేదు. పుస్తకం బయటికిస్తే కదా పోవడానికి! నేనూ ఆయన బాటే పట్టాను. ఆరేళ్లపాటు. ఇది గొప్పగా చెప్పుకోవడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను.

ఆ బీరువా ఎలా ఉండేదో మీకు చెప్పక్కర్లేదు, ప్రతి బళ్లోనూ అదొకటే. హెడ్మాస్టరు గదిలో ఓ మూల, ఆకుపచ్చ పెయింటు, పైన ఇరుసు విరిగిన గ్లోబు, ఎప్పుడో కబడ్డీలో గెలిచిన షీల్డు, చుట్టచుట్టిన ఆసియా పటం. తలుపు తీస్తే నాఫ్తలీన్ ఉండల వాసన. కొన్ని పుస్తకాల్లో పేజీలు ఒకదాన్నొకటి వదల్లేదు, ప్రెస్సు నుంచి వచ్చింది వచ్చినట్టే ఉన్నాయి. ఏడాదికోసారి, నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవం పేరు చెప్పి తలుపు తీసి, ఫొటో తీయించుకుని, మళ్లీ వేసేసేవాళ్లం. నవంబరు 20 దాకా తీసి ఉంచాలని తెలిసినా సరే.

ఇలా ఉండగా తిత్లీ తుపాను వచ్చింది.

2018 అక్టోబరు 11. దసరా నవరాత్రులు మొదలైన మర్నాడు. తెల్లవారకముందే పలాస, వజ్రపుకొత్తూరు తీరాన్ని తాకింది. దాని గురించి ఎంత చెప్పినా తక్కువే, ఇవాళ ఆ కథ ఎత్తుకోను. ఎత్తుకుంటే మా ఆవిడ మంట దగ్గర్నుంచి లేచిపోతుంది. వాళ్ల నాన్న చేతి మీద పెరిగిన కొబ్బరి చెట్లు ఒక్క పూటలో నేలమీద వరసగా పడుకున్నాయి. కొబ్బరి మళ్లీ కాపుకి రావాలంటే ఎన్నేళ్లు పడుతుందో తోటలున్న వాళ్లకి తెలుసు. నేను చెప్పేది బడి సంగతి. సెలవులు గనక పిల్లలెవరూ లోపల లేరు, అదే అదృష్టం. మూడోరోజు నేను వెళ్లి చూస్తే హెడ్మాస్టరు గది మీద రేకులు మూడు లేవు. బీరువా మీద గ్లోబు లేదు. బీరువా తలుపు సందుల్లోంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి.

తలుపు తీశాను. కింది రెండు అరల్లో పుస్తకాలు నీళ్లు తాగి తాగి ఉబ్బి, అరలోంచి ఊడి రాకుండా బిగుసుకుపోయాయి. తడిసిన కాగితం బరువు నాకు ఆవేళే తెలిసింది. నా కళ్లకి అవి పుస్తకాల్లా కనిపించలేదు, నా జీతంలా కనిపించాయి. ఏడుపొచ్చినంత పనైంది. ఎదురింటి పిల్లలు నలుగురు సాయం వచ్చారు. కరెంటు లేదు, టీవీ లేదు, ఫోన్లకి చార్జింగు లేదు, వాళ్లకి మాత్రం పనేముంది? అందరం కలిసి వరండాలోనూ ముందున్న సిమెంటు గచ్చు మీదా పుస్తకాలు తెరిచి బోర్లించాం. తుపాను వెలిసిన తరవాత మా వైపు కాసే ఎండ సంగతి మీకు తెలుసు కదా, ఆకాశానికి సిగ్గులేనట్టు కాస్తుంది.

తరవాతెప్పుడో లైబ్రరీ పని తెలిసిన ఒకాయన చెప్పారు, అలా ఎండలో పెట్టకూడదట. నీడలో గాలి తగిలేట్టు నిలబెట్టి, పేజీల మధ్య పొడికాగితం పెట్టి, అది తడిసినప్పుడల్లా మార్చాలట. ఎండలో పెడితే అట్టలు వంకర తిరుగుతాయి. బొమ్మలుండే నున్నటి కాగితమైతే ఒకసారి తడిసి ఆరిందంటే పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయి దేవుడొచ్చినా విడవవు. మావి సరిగ్గా అలాగే అయ్యాయి. మీ బళ్లో ఎప్పుడైనా నీళ్లొస్తే ఈ మాట గుర్తుంచుకోండి, నాకు చెప్పేవాళ్లు లేకపోయారు.

అయితే ఆ ఎండలోనే ఒక తమాషా జరిగింది.

మధ్యాహ్నం పుస్తకాలు తిరగేద్దామని వెళ్లేసరికి పనిచేయాల్సిన నలుగురూ పని మానేసి గచ్చు మీద గొంతుక్కూచుని ఉన్నారు. పుస్తకాన్ని చేత్తో పట్టుకుంటే చిరిగిపోతుందని నేనే భయపెట్టాను. అందుకని చేతులు వెనక్కి కట్టుకుని, మెడలు సాచి, కొంగల్లా వంగి చదువుతున్నారు. పేజీ తిప్పాలంటే ఇద్దరు కలిసి రెండు వేళ్లతో మెల్లగా తిప్పుతున్నారు. మర్నాడు నలుగురు పదకొండు మందయ్యారు. ఆ మర్నాడు లెక్కపెట్టలేదు. వాళ్లలో ఒక గుంటడికి పులి కథ దొరికింది, మధ్యలో నాలుగు పేజీలు అంటుకుపోయాయి. వాడు కాసేపు గోరుతో గీకి చూశాడు, పులి మొహంలో సగం అవతలి పేజీకి వెళ్లిపోయింది. ఇక లాభం లేదనుకుని చుట్టూ ఉన్నవాళ్లకి ఆ నాలుగు పేజీల్లో ఏముందో తనే చెప్పడం మొదలెట్టాడు. నిలబడి విన్నాను. వాడి పులి మందస కొండల్లోంచి దిగి, పలాస స్టేషన్లో రైలెక్కింది. అసలు కథ రాసినాయన విన్నా కాదనడు.

ఆ సాయంత్రం ఇంటికొస్తుంటే నాకు రావివలస ఎండల మల్లన్న గుర్తొచ్చాడు. కార్తీకమాసంలో ఎప్పుడైనా ఇటొచ్చారా మీరు? టెక్కలి పక్కనే. అంత పెద్ద లింగానికి పైన గుడి కప్పు లేదు. కప్పు వేయబోతే నిలవలేదనీ, స్వామికి ఎండే ఇష్టమనీ పెద్దలు చెబుతారు. ఎండలో వానలో అందరికీ కనిపిస్తూ అలాగే కూర్చుని ఉంటాడు. నేనేమో ఆరేళ్లు సరస్వతిని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇప్పుడిలా చెబుతుంటే ఏదో జ్ఞానోదయం అయినట్టుంది గానీ, ఉన్నదున్నట్టు చెప్పాలంటే ఇంకో కారణం కూడా ఉంది. తుప్పుపట్టి ఆ బీరువా తలుపు మళ్లీ మూతపడలేదు. హెడ్మాస్టరు గారు రెండుసార్లు మోకాలితో తోసి చూసి, "పోనీలెండి మాస్టారూ, వరండాలోనే బెంచీల మీద పడుండనీయండి" అన్నారు. మా బడి లైబ్రరీ తెరుచుకోవడం వెనకున్న విధాన నిర్ణయం అదే.

టీ తీసుకోండి. చక్కెర తక్కువైతే చెప్పండి.

అక్కణ్ణించి ఏం చేశామంటారా? పెద్దగా ఏం లేదు. ఎనిమిదో తరగతి ఆడపిల్లలిద్దరికి ఒక లాంగు నోటుబుక్కు ఇచ్చి, ఇక మీరే లైబ్రేరియన్లు అన్నాను. పేరు, పుస్తకం, తీసుకున్న తేదీ, ఇచ్చిన తేదీ గళ్లు నేను గీశాను. వాళ్లు చివర ఇంకో గడి వాళ్లంతట వాళ్లే గీసుకున్నారు. "ఎలాగున్నాది" అని దాని పేరు. ఆ గడి చదవడం మొదలుపెట్టాక నాకు పేపరు చదవడం మీద ఆసక్తి పోయింది. "బాగున్నాది." "బాగోలేదు, అంతా రాజులే." "ఏడుపొచ్చింది, మా అప్పకి కూడా ఇచ్చినాను." ఒకడైతే, "కద బాగున్నాది గాని ఆకర్న నీతి చెప్పీసినారు" అని రాశాడు. పిల్లల పుస్తకాల మీద ఇంత సూటైన సమీక్ష నేనెక్కడా చదవలేదు. పిల్లల కోసం రాసేవాళ్లు ఆ గడి చూసి ఉంటే బాగుండేది.

అన్నట్టు, అక్షరదోషాలు దిద్దుదామని ఎర్ర పెన్ను తీసి మళ్లీ జేబులో పెట్టేసుకున్నాను. దిద్దితే ఆ గడి మర్నాటి నుంచి ఖాళీగా ఉంటుంది.

ఈ మాట దగ్గర గిడుగు రామమూర్తి గారిని తలుచుకోకపోతే పాపం వస్తుంది, మన శ్రీకాకుళం జిల్లాలో పుట్టినాయన. 1863 ఆగస్టు 29న పర్వతాలపేటలో పుట్టారు, ఆ రోజునే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. పర్లాకిమిడి బళ్లో పాఠాలు చెబుతూ, అడవుల్లోంచి వచ్చే సవరల మాట తనకి అర్థం కావడం లేదని ఆ భాష నేర్చుకున్నారు. నేర్చుకుని ఊరుకోలేదు, సొంత డబ్బు పెట్టి వాళ్లకి బడులు తెరిచారు, వాళ్ల భాషలో వాచకాలు రాశారు. పిల్లవాడు ఇంట్లో మాట్లాడే మాటకీ పుస్తకంలో అచ్చయ్యే మాటకీ మధ్య గోడ ఉంటే చదువు ఆ గోడ దగ్గరే ఆగిపోతుందని ఆయన జీవితమంతా పోట్లాడారు. మా పిల్లలకి ఆ గోడ ఇప్పటికీ ఉంది. "నేదు" అని పలికితే తప్పంటాం, "ఎల్నాను" అంటే నవ్వుతాం. ఇలా నవ్వులపాలైన పిల్ల పుస్తకం పైకి చదవదు. మా క్లాసులో పద్ధతి మార్చాం. పుస్తకంలో ఉన్నట్టే చదవాలి, కానీ కథ చెప్పేటప్పుడు మాత్రం ఎవరి మాటలో వాళ్లు చెప్పొచ్చు. దాంతో అప్పటిదాకా నోరు విప్పని గుంటలు కూడా నోరు విప్పారు.

చదవడమంటే ఏమిటో కూడా చెప్పాలి కదా. ఎనిమిదో తరగతికొచ్చినా అక్షరం అక్షరం కూడబలుక్కునే పిల్లలు మాకూ ఉన్నారు, దాచుకోవడమెందుకు? ప్రథమ్ సంస్థ చేసే అసర్ సర్వేలో 2022లో దేశంలోని పల్లెటూళ్ల లెక్క ఇలా తేలింది: అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు నూటికి 43 మంది. కరోనా రెండేళ్లు మింగేసిన తరవాతి లెక్క అది. అంతకుముందు 2018లో కూడా సగానికి కొంచెం పైన, అంతే. అలాంటి పిల్లకి పుస్తకం చేతికిచ్చి "చదువు, జ్ఞానం వస్తుంది" అంటే ఏం లాభం? ముందు మనం చదివి వినిపించాలి. నేను ఆఖరి పీరియడ్లో పదిహేను నిమిషాలు పెట్టుకున్నాను. సరిగ్గా దొంగ కిటికీలోంచి కాలు లోపల పెట్టినచోట పుస్తకం మూసేసి గంట కొట్టించేవాణ్ణి. పిల్లలు తిట్టుకునేవాళ్లు. మర్నాడు బడి మొదలయ్యేలోగా ఆ పుస్తకం కోసం కొట్లాట. ఈ విద్య నాది కాదు, సీరియళ్లు వేసిన పత్రికల వాళ్లది. "ఇంకా ఉంది" అనే రెండు మాటలతో తరాల కొద్దీ తెలుగువాళ్ల చేత చదివించారు వాళ్లు.

పత్రికలంటే చందమామ. 1947 జులైలో మొదలైంది, ఆగిపోయి పదేళ్లు దాటింది. ఆ అట్టల మీద బొమ్మలు వేసిన వడ్డాది పాపయ్య గారు శ్రీకాకుళంలోనే పుట్టారని మా పిల్లలకి చెబితే నమ్మలేదు. పాత సంచిక తెచ్చి మూలనున్న "వపా" సంతకం చూపిస్తే వేలితో తడిమి చూశారు. పక్కనే బరంపురం ఉంది కదా, అక్కడ పుట్టినవాళ్లలో ఒకరు న్యాయపతి రాఘవరావు గారు. రేడియో అన్నయ్య అంటే పెద్దవాళ్లకి తెలుస్తుంది, 1945లో పిల్లల కోసం "బాల" పత్రిక పెట్టారు. ఇంకొకరు ఉప్పల లక్ష్మణరావు గారు. ఆయన మాస్కో వెళ్లి ప్రగతి ప్రచురణాలయంలో కూర్చుని రష్యన్ పుస్తకాలు తెలుగు చేశారు. మా చిన్నప్పుడు విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాను వస్తే, గట్టి అట్టలూ రంగుల బొమ్మలూ ఉన్న ఆ రష్యా పుస్తకాలు చిల్లర డబ్బులకి దొరికేవి. మంచు అంటే ఏమిటో నేను అందులోనే చూశాను. ఆ రోజుల్లో మా ఇంటి దగ్గర బడి కంటే ఆ వ్యానే పెద్ద బడి. ఈ ముగ్గురూ మన చుట్టుపక్కల వాళ్లే. మనది వెనకబడిన జిల్లా అని ఎవరైనా అంటే నేను ఈ పేర్లు చెప్పి నోరు మూయిస్తుంటాను.

పుస్తకాలు పిల్లలతో ఇళ్లకి వెళ్లడం మొదలయ్యాక రిజిస్టరులో రాయలేని సంగతులు కొన్ని తెలిశాయి. పుస్తకాల మీద మరకలు పడేవి. కొన్ని మామూలు మరకలు, చారు, నూనె, పసుపు. కొన్ని మాత్రం నల్లగా, చుట్టూ కాస్త గోధుమ రంగుతో ఉండేవి, ఎంత తుడిచినా పోవు. జీడి మరకలు. జీడిగింజ పెంకులో ఉండే నూనె ఒంటికి తగిలితే కాలుతుంది, బట్టకో కాగితానికో అంటితే అక్కడే ఉండిపోతుంది. మా బడిలో కొందరి తల్లులు జీడి పని చేసేవాళ్లు. కొందరు ఫ్యాక్టరీకి వెళ్తారు, కొందరు ఇంట్లోనే కూర్చుని పప్పు మీద పొర వలుస్తారు. ఒక పిల్ల పుస్తకం నిండా ఆ మరకలే. మందలిద్దామని వాళ్లింటికి వెళ్లాను. నన్ను చూసి వాళ్లమ్మ గబగబా చేతులు చీరకి తుడుచుకుని లేచింది.

"మేష్టారు బాబూ, మా గుంటనేటీ అనకండి. నానే పట్టుకున్నాను ఆ బుక్కు. అది సదువుతాది, మేం నలుగురం పప్పు వలుస్తూ ఇంటాం. మద్దిన అది నీళ్లకెలిపోతే బొమ్మ సూద్దామని పట్టుకున్నాను."

నేనేమంటాను? ఆ పుస్తకం ఒక్క పిల్ల పేరు మీద ఇచ్చాను, చదివింది అయిదుగురు. రిజిస్టరులో అయిదుగురని రాయడానికి గడి లేదు. ఆ తరవాత జీడి మరక ఉన్న పుస్తకాలు నాకు కొంచెం గౌరవంగా కనిపించేవి.

ఫోన్ల సంగతి అడుగుతారని తెలుసు. ఫోన్ని తిట్టే ఓపిక నాకు లేదు. అందులోనే స్టోరీవీవర్ అని ప్రథమ్ బుక్స్ వాళ్లది ఒకటుంది, తెలుగు పిల్లల కథలు బొమ్మలతో సహా ఉచితంగా చదువుకోవచ్చు. చదివే పిల్ల ఎందులోనైనా చదువుతుంది. ఆ రుచి ముందు తగలాలి.

ఇక నా గర్వం ఎలా భంగమైందో వినండి. ఇది చెప్పడానికే మిమ్మల్ని ఇంతసేపు కూర్చోబెట్టాను.

తేలినీలాపురం తెలుసు కదా, నౌపడ దాటగానే, మన మండలంలోనే. ఏటా సెప్టెంబరు, అక్టోబరులో పక్షులు వచ్చి చింతచెట్ల మీదా తుమ్మల మీదా గూళ్లు కట్టుకుని, పిల్లల్ని లేపి, వేసవికి వెళ్లిపోతాయి. గూడబాతులూ, రెక్కల చివర గులాబి రంగు పూసినట్టుండే పెయింటెడ్ స్టార్కులూ. అవి సైబీరియా నుంచి వస్తాయని ఊరందరూ అంటారు, పేపర్లూ రాస్తాయి, ముప్పయ్యేళ్లుగా నేనూ క్లాసులో అదే చెప్పాను. గోడ మీద ఆసియా పటం పెట్టి, స్కేలుతో సైబీరియా నుంచి నౌపడ దాకా గీత గీసి మరీ చెప్పేవాణ్ణి. ఎన్ని వేల కిలోమీటర్లో, దారిలో హిమాలయాలెలా దాటుతాయో చెబుతుంటే పిల్లలు నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. నాకు బాగా పేరు తెచ్చిన పాఠం అది.

తిత్లీ తరవాత మరుసటేడు ఆ పాఠం చెబుతుంటే ఏడో తరగతి పిల్ల ఒకతె లేచింది. చేతిలో మా వరండా బెంచీ మీది పక్షుల పుస్తకం, ఎండలో ఆరి అట్ట వంకర తిరిగినదే. "మాస్టారూ, ఇందులో మేపు ఉన్నాది సూడండి. మన దేశం కాడే రంగేసినారు. సైబీరియాల రంగు నేదు."

క్లాసంతా నిశ్శబ్దం. కూర్చోమన్నాను, అదీ కాస్త గట్టిగానే. బెల్లు కొట్టాక స్టాఫ్ రూములో ఒక్కణ్ణే ఆ పుస్తకం తెరిచాను. ఆ పిల్ల చెప్పిందే నిజం. పెయింటెడ్ స్టార్కు మన ఉపఖండానిదీ, ఆగ్నేయాసియాదీ. మన గూడబాతుదీ అదే కథ. తిండీ నీళ్లూ దొరికేచోటు వెతుక్కుంటూ దేశంలోనే ఇటూ అటూ తిరుగుతాయి, గూడు కట్టే కాలానికి మన చెట్ల మీదికొస్తాయి. చలికాలంలో సైబీరియా వైపు నుంచి మన దేశానికి వచ్చే పక్షులు వేరే ఉన్నాయి, ఇవి అవి కావు. బోర్డు మీద నేను గీసిన గీత పొడవునా అబద్ధమే.

నాకు కోపమొచ్చింది. అబద్ధం చెప్పను, ముందు కోపమే వచ్చింది. ఇంటికొచ్చి అన్నం తింటుంటే నవ్వొచ్చింది. మర్నాడు క్లాసుకెళ్లి, నిన్నటి పాఠం తప్పని ఒప్పుకుని, మిగతా పాఠం ఆ పిల్లనే చెప్పమన్నాను. మేపు పట్టుకుని చెప్పింది. తప్పు పట్టడం నేర్చినందుకు ఆ నెలంతా నా పాఠాల్లో ఇంకా నాలుగు తప్పులు దొరికాయి, అది వేరే విషయం. బీరువా తాళం వేసి ఉండి ఉంటే నేను గౌరవంగా, ఒక్క మాట పడకుండా, సైబీరియా చెబుతూనే రిటైరై ఉండేవాణ్ణి.

మంట తగ్గింది, ఆ మట్ట ఇటు తోయండి.

ఆ ఏడే పిల్లల్ని శ్రీకాకుళం కథానిలయానికి తీసుకెళ్లాను. కారా మాస్టారు, కాళీపట్నం రామారావు గారు 1997 ఫిబ్రవరి 22న తెరిచిన ఇల్లు అది. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట ఉండాలని ఆయన ఆశ. విశాఖపట్నంలో ముప్పై ఏళ్లకి పైగా లెక్కల మాస్టారుగా చేశారాయన. లెక్కల మాస్టారికి కథలేమిటని మా పిల్లల సందేహం. వరసగా పేర్చిన ఆ పాత పత్రికల కట్టలు చూశాక, "లెక్కలొచ్చినోళ్లు గాబట్టే ఇన్ని లెక్కెట్టినారు" అని వాళ్లే సమాధానం చెప్పుకున్నారు. 2021 జూన్‌లో ఆయన పోయినప్పుడు ఆ పిల్లల్లో ఒకడు నాకు ఫోను చేశాడు. మీరు మాత్రం ఇంకా వెళ్లకపోతే ఒకసారి వెళ్లి రండి. టెక్కలి నుంచి బస్సులో గంట ప్రయాణం.

ఇంకో పుస్తకం పేరు చెప్పి వదిలేస్తాను, "రైలుబడి". జపాన్లో తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసింది. పాత రైలు పెట్టెల్లో క్లాసులు జరిగేవక్కడ. ఒక రాత్రి బడికి ఇంకో పెట్టె వస్తుందని తెలిసి పిల్లలంతా దాన్ని చూడ్డానికి ఆ రాత్రి బళ్లోనే ఉండిపోతారు. ఆ పెట్టే వాళ్ల లైబ్రరీ అవుతుంది. మా పిల్లలకి ఇది తెగ నచ్చింది, ఎందుకంటే మనకూ ఓ రైలుంది కదా. 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడ నుంచి టెక్కలి మీదుగా తమ ఊరికి వేయించిన చిన్న రైలు. నడిచేవాళ్లు దాన్ని దాటిపోయేవాళ్లని మా తాత వేళాకోళం చేసేవాడు. 2004లో ఆగి, తరవాత పెద్ద లైనుగా మారింది. "ఆ పాత పెట్టెలేటి సేసినారు మాస్టారూ? ఒకటి మన బడికి అడగలేమా?" అని ఒకడు అడిగాడు. అడగొచ్చని అప్పుడు నాకు తట్టలేదు. అడిగి ఉండాల్సింది.

పుస్తకాలు జనం దగ్గరికి వెళ్లడం తెలుగువాళ్లకి కొత్త కాదు. 1914లో అయ్యంకి వెంకట రమణయ్య గారు బెజవాడలో గ్రంథాలయ సభ పెట్టేనాటికే ఊళ్లలో జనం తలా అణా వేసుకుని పఠన మందిరాలు నడిపేవాళ్లు. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో పుస్తకాలు పడవకెక్కించి కాలువ మీద ఊరూరా తిప్పారు. ఈనాటికీ మీరు కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను ఉంది, రసీదు చూసుకోండి. బడులకి కూడా సమగ్ర శిక్ష నుంచి పుస్తకాల కోసం గ్రాంటు ఉంది, ప్రాథమిక పాఠశాలకి ఏడాదికి అయిదు వేల దాకా. 2020లో "చదవడం మాకిష్టం" అని రాష్ట్రమంతా కార్యక్రమం కూడా పెట్టారు. పేరు మంచిదే. నా పేచీ ఒక్కటే, పుస్తకాలు ఎంచేటప్పుడు పిల్లల్ని ఎవరూ అడగరు. మహనీయుల జీవితాలు ఇరవై రకాలొస్తాయి, దెయ్యం కథ ఒక్కటి రాదు. "మంచి పుస్తకం" లాంటి వాళ్లు తక్కువ ధరకి బొమ్మల పుస్తకాలు వేస్తున్నారు. నలుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి కొనుక్కు రండి, బిల్లు అదే అవుతుంది.

ఒకసారి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన అధికారి ఒకాయన, పేరెందుకు లెండి, వరండాలో బెంచీల మీదున్న పుస్తకాలు చూసి, "ఇవి పోతే బాధ్యులెవరు?" అని అడిగారు. నేనే అన్నాను. రాసుకున్నారు.

రిటైరైన రోజు లెక్క చూస్తే 63 పుస్తకాలు తక్కువొచ్చాయి. తడిసి పాడైనవి వేరే రాశారు, ఇవి పిల్లల దగ్గర ఉండిపోయినవి. ఖరీదు కట్టి రసీదు తీసుకున్నాను. పెన్షన్ కాగితాలతోపాటు అది కూడా అదే ఫైల్లో ఉంది. ఆ 63లో వంకర అట్ట పక్షుల పుస్తకం ఒకటి. మా వైపు నుంచి పనికోసం, చదువుకోసం ఊళ్లు దాటిపోయిన పిల్లలు చాలామంది కదా, మీలో ఎవరి పెట్టెలోనైనా అది ఉంటే నాకు తెచ్చివ్వక్కర్లేదు. డబ్బు కట్టేశాను. పక్కింటి పిల్లకి ఇచ్చెయ్యండి.